రైఫిల్ బ్యారెల్ మార్పించే ముందు

విశాఖలో పోటీలకు ముందు, ఒక రైఫిల్ బ్యారెల్‌ను ఇంకో యాక్షన్‌కు (తూటాను వెనక నుంచి మూసే బోల్ట్ ఉండే భాగం) వేయించాలనుకునే షూటర్లకు:

గేజ్‌తో హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖం నుంచి, ఛాంబర్ అనే తూటా గదిలో తూటా ఆగే చోటు దాకా దూరం) చూడకుండా ఒక్క తూటా కూడా పేల్చొద్దు. గో గేజ్ (కనీస కొలత) మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో గేజ్ (హద్దు దాటిన కొలత) మీద మూసుకోకూడదు. ఈ ఖాళీ ఎక్కువైతే కేస్ (తూటా తొడుగు) చిట్లి వేడి గ్యాస్ ముఖం మీదకే కొడుతుంది.

వాడబోయే బోల్ట్‌తోనే కొలిపించండి. "పాత రైఫిల్‌లో బాగానే ఉండేది" అన్న మాట ఇక్కడ చెల్లదు.

హెడ్‌స్పేస్ తగ్గించడానికి బ్యారెల్ భుజం (యాక్షన్‌కు ఆనే అంచు) కోస్తే బ్యారెల్ ఇంకాస్త తిరిగి బిగుస్తుంది, ముందు సైట్ పక్కకు ఒరుగుతుంది. అందుకే సైట్ ఉన్న బ్యారెల్‌ను పూర్తి చుట్టు జరిపి, ఛాంబర్ మళ్లీ రీమ్ చేస్తారు (లోపల కోసి సరిచేస్తారు). బ్యారెల్ బిగించే మర అంగుళానికి 16 చుట్లది అయితే, ఒక పూర్తి చుట్టుకు అది దాదాపు 1.6 మి.మీ. వెనక్కి జరుగుతుంది. ఖర్చు ముందే అడగండి.

మరల్లో తుప్పు తుడిపించండి, మనది ఉప్పుగాలి ఊరు.

పని లైసెన్సున్న గన్‌స్మిత్‌కే ఇవ్వండి. 1959 ఆయుధాల చట్టం రిపేరుకూ వర్తిస్తుంది.