కోరల్స్ ముడుచుకుంటున్నాయా? ముందు ఉప్పు కొలిచే పరికరాన్ని అనుమానించండి

ఇంట్లో సముద్రపు నీటి ట్యాంకు (అక్వేరియం) పెట్టి నెలలు గడిచాయి. చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ ఎప్పుడో సున్నాకి వచ్చేశాయి. చేపలు హుషారుగా తిరుగుతూ వేసింది వేసినట్టు తినేస్తున్నాయి. కోరల్స్ (పగడపు జీవులు) మాత్రం అలిగినట్టున్నాయి. వాటిలో జోవాంథిడ్స్ అనే రకం సగం మూసుకునే ఉంటాయి. హ్యామర్, టార్చ్ కోరల్స్ ఇదివరకులా ఉబ్బవు. ఆక్రోపోరా కోరల్ రంగు వెలిసి, దాని పాలిప్స్ (చిన్న పువ్వుల్లాంటి నోళ్లు) లోపలే దాక్కుంటాయి. నీళ్లు మారిస్తే ఒకటి రెండు రోజులు కాస్త తేరుకున్నట్టు కనిపించి మళ్లీ మొదటికొస్తాయి.

ఈ సమస్యతో వచ్చేవాళ్లంతా చాంతాడంత టెస్టుల చిట్టా చూపిస్తారు. ఆల్కలినిటీ (నీళ్లకి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి), కాల్షియం, నైట్రేట్, ఫాస్ఫేట్ అన్నీ అందులో ఉంటాయి. ఉప్పు ఎంతుంది అంటే "కరెక్టుగా 35 పీపీటీ" అంటారు, అంటే కిలో నీళ్లలో 35 గ్రాముల ఉప్పు. ఆ 35 చూపించిన రిఫ్రాక్టోమీటర్‌ని చివరిసారి దేంతో సరిచూశారు అని అడిగితే మాత్రం చప్పుడుండదు. కొందరు "ఆర్.ఓ. నీళ్లతో సున్నా పెట్టాను" అంటారు. అసలు చిక్కు సరిగ్గా అక్కడే ఉంది.

దాని జోలికి వెళ్లేముందు ఒక్క నిమిషం పట్టే పనులు కానిచ్చేయండి. వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే పంపు) తిరుగుతోందా, దాని మూతికి నాచు పట్టి ప్రవాహం సగమైందా చూడండి. హీటర్ మీద రాసున్న అంకెను నమ్మకుండా వేరే థర్మామీటర్‌తో నీటి వేడి చూడండి. 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే చాలు. ఈమధ్య లైటు మార్చారా, ఎత్తు తగ్గించారా గుర్తు తెచ్చుకోండి. ఇవన్నీ బాగానే ఉంటే అసలు సంగతికి వద్దాం.

పరికరం 35 అంటుంది, నీళ్లు 31 అంటాయి

రిఫ్రాక్టోమీటర్ ఉప్పుని నేరుగా కొలవదు. నీళ్లలో వెలుగు ఎంత వంగుతోందో చూసి, దాన్ని స్కేలు మీద ఉప్పుగా చూపిస్తుంది. చవకగా దొరికే వాటిలో చాలావరకు సముద్రపు నీటి కోసం చేసినవి కావు, మామూలు ఉప్పునీటి కోసం చేసినవి. అలాంటిదాన్ని ఆర్.ఓ. నీళ్లతో ఎంత శ్రద్ధగా సున్నాకి పెట్టినా, నిజంగా 35 ఉన్న సముద్రపు నీళ్లను అది దాదాపు 36.5గా చూపిస్తుంది. అంటే మీరు 35 అని మురిసిపోతున్న ట్యాంకులో ఉన్నది 33.5. దీనికి తోడు, సున్నా దగ్గర సరిగ్గా ఉండి పైకి వెళ్లేకొద్దీ తప్పే స్కేళ్లు బోలెడు. రెండూ కలిస్తే నాలుగైదు పీపీటీ తేడా రావడం పెద్ద వింతేమీ కాదు. ప్లాస్టిక్ ముల్లుండే హైడ్రోమీటర్ సంగతి సరేసరి. ముల్లుకి ఒక్క గాలి బుడగ అంటుకున్నా, ఉప్పు పేరుకున్నా దాని మాట మారిపోతుంది.

ఇది ఎంతకీ దొరకని దొంగ కావడానికి కారణం చేపలు. చేప తన ఒంట్లో ఉప్పుని తానే అదుపులో పెట్టుకుంటుంది కాబట్టి 31లోనూ నిక్షేపంగా ఈదుతుంది. కోరల్‌కి ఆ వెసులుబాటు లేదు. చుట్టూ నీళ్లెలా ఉంటే దాని కణాలూ అలాగే సర్దుకోవాలి. నత్తలు, మరీ ముఖ్యంగా సముద్ర నక్షత్రాలదీ అదే పరిస్థితి. చేపలు బాగుండి, కోరల్స్ ముడుచుకుని, కొత్తగా తెచ్చిన నక్షత్రచేప నాలుగు రోజుల్లో పోయిందంటే నేనైతే మొదట ఉప్పునే పట్టుకుంటాను.

ఇంకో ఆనవాలు మీ చిట్టాలోనే ఉంటుంది. సముద్రపు నీళ్లు 35 పీపీటీ ఉన్నప్పుడు కాల్షియం సుమారు 410, మెగ్నీషియం సుమారు 1280 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) ఉంటాయి. ఉప్పు 31కి దిగితే అవి దాదాపు 365కి, 1135కి పడిపోతాయి. రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గాయంటే కోరల్స్ తినేశాయని అనుకోకండి. కాల్షియం అయితే తింటాయి గానీ, మెగ్నీషియం అంత వేగంగా తగ్గదు. జనం మాత్రం ఇక్కడే కాల్షియం, మెగ్నీషియం ద్రావణాలు రెండు సీసాలు కొనుక్కొచ్చి విడివిడిగా పోయడం మొదలుపెడతారు. ఆల్కలినిటీని మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు. అది రోజూ కొలిచి పోసే ద్రావణాల డోసింగ్‌తో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, సాక్ష్యానికి పనికిరాదు.

ఇంకా అనుమానంగా ఉందా? నీళ్లు మార్చడానికి కలిపిన కొత్త ఉప్పునీళ్లను టెస్టు చేయండి. మీ పరికరం 35 అన్నప్పుడు, ఉప్పు ప్యాకెట్ మీద రాసిన దానికంటే కాల్షియం, మెగ్నీషియం రెండూ తక్కువ వచ్చాయనుకోండి. కోరలే లేని బకెట్లో వాటినెవరు తిన్నట్టు?

సరిచూసే పద్ధతి

35 పీపీటీ అని రాసిన కాలిబ్రేషన్ (పరికరాన్ని సరిచూసే) ద్రావణం వాడండి. ఆర్.ఓ. నీళ్లతో సున్నా చూడటం కాలిబ్రేషన్ కాదు, అద్దం శుభ్రంగా ఉందో లేదో చూసుకోవడం, అంతే. ద్రావణం, పరికరం రెండూ ఒకే గదిలో కాసేపు ఉండి ఒకే వేడికి రావాలి. అద్దం మీద బుడగల్లేకుండా చుక్కలు వేసి, మూత వేసి, అర నిమిషం ఆగి, అప్పుడు స్క్రూ తిప్పి గీతను 35 మీదకి తేవాలి. స్కేలు మామూలు ఉప్పుదైనా, సముద్రపు నీటిదైనా, మనకు కావలసిన అంకె దగ్గరే సరిచేశాం కనుక ఇక బెంగ లేదు. ద్రావణం సీసా మూత వదులుగా ఉంటే లోపలి నీరు ఆవిరై అది కూడా చిక్కబడి అబద్ధం చెబుతుంది. పాత సీసాని నమ్మకండి.

ద్రావణం దొరక్కపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. పొడిగా ఉన్న మామూలు ఉప్పు 36.5 గ్రాములు, ఆర్.ఓ. నీళ్లు 963.5 గ్రాములు. నీళ్లను కూడా తూకమే వేయాలి, కొలపాత్రతో కాదు. సముద్రపు నీటి స్కేలున్న రిఫ్రాక్టోమీటర్‌లో ఇది 35గా కనిపించాలి. ఈ పాళ్లు రిఫ్రాక్టోమీటర్‌కే. విద్యుత్ వాహకతతో కొలిచే డిజిటల్ మీటర్‌కి ఇది పనికిరాదు, దాని ద్రావణం వేరు.

తేడా బయటపడింది, ఇప్పుడేం చేయాలి?

తొందరపడి ఉప్పు పొడి తెచ్చి ట్యాంకులో గుమ్మరించకండి. కరగని పలుకులు కోరల్ మీద పడితే పడినచోటల్లా కణజాలం కాలిపోతుంది. రోజుకి ఒక పీపీటీకి మించి పెంచవద్దు. తేలికైన దారి ఏమిటంటే, ఆవిరైన నీటికి బదులు పోసే ఆర్.ఓ. నీళ్ల స్థానంలో 35 పీపీటీ ఉప్పునీళ్లు పోయడం. 300 లీటర్ల నీళ్లున్న ట్యాంకుని 31 నుంచి 35కి తేవాలంటే దాదాపు 1200 గ్రాముల లవణం కావాలి. రోజుకి 5 లీటర్లు ఆవిరవుతుంటే అలా పోసే ఉప్పునీళ్లలో 175 గ్రాములు వెళ్తుంది, అంటే పని వారంలో పూర్తవుతుంది. రోజూ కొలవండి. 35 రాగానే ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీటిని తనంతట తానే నింపే ఏర్పాటు) డబ్బాలో మిగిలిన ఉప్పునీళ్లు పారబోసి మళ్లీ ఆర్.ఓ. నింపండి. ఈ ఒక్కటి మర్చిపోతే మరో వారానికే 39 దగ్గర తేలతారు.

ఆ వారమంతా కాల్షియం, మెగ్నీషియం డోసింగ్ ఆపేయండి. ఇదివరకే సీసాలు పోసి కాల్షియాన్ని 430కి తెచ్చుకున్నవాళ్లకి, ఉప్పు 35 చేరేసరికి అది 480 దాకా వెళ్తుంది. కంగారుపడనక్కర్లేదు, అదే దిగొస్తుంది. ఆల్కలినిటీ కూడా ఒక డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) వరకు పెరగొచ్చు కాబట్టి రోజూ టెస్టు చేసి ఆమేరకు డోసు తగ్గించండి.

ఇంతా చేశాక మళ్లీ ఉప్పు జారిపోతోందంటే స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే పరికరం) కప్పు చూడండి. పలచగా, టీ రంగు నీళ్లతో రోజూ నిండుతోందా? బయటికి పోతున్నది ఉప్పునీరు, దాని బదులు ఆటో టాప్ ఆఫ్ పోస్తున్నది మంచినీరు. స్కిమ్మర్‌ని కాస్త పొడిగా, అంటే కప్పులోకి నీళ్లు తక్కువ, చిక్కటి నురుగు ఎక్కువ వచ్చేలా నడపండి.

ఉప్పు సరిగ్గానే ఉంటే

అప్పుడు ఆల్కలినిటీ ఊగిసలాట చూడండి. 7 డీకేహెచ్ అయినా 9 అయినా ఫరవాలేదు, ఒకేచోట నిలవాలి. వారానికోసారి కాకుండా రెండు మూడు రోజులు వరసగా ఒకే వేళకి కొలిస్తేనే ఊగుతోందో లేదో తెలుస్తుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా ఉండి ఆల్కలినిటీ 10 దాటితే ఎస్.పి.ఎస్. (ఆక్రోపోరా లాంటి చిన్న పాలిప్స్ ఉండే గట్టి కోరల్స్) కొనలు తెల్లగా కాలతాయి. అప్పుడు ఆల్కలినిటీ మెల్లగా దించి, చేపలకి మేత పెంచండి. నీళ్లు మరీ శుభ్రంగా ఉండటం గొప్ప కాదు. నైట్రేట్ ఒక 5, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం ప్రాంతంలో ఉంటే రంగులు నిలుస్తాయి. కోరల్ గోధుమ రంగుకి తిరిగితే అది లోపలి జూజాంథెల్లే నాచు మరీ పెరగడం. వెలుగు చాలడం లేదు, లేదా పోషకాలు ఎక్కువయ్యాయి.

ఒక్క కోరలే, అదీ ఒక్క వైపే చచ్చుబడుతుంటే నీళ్లతో పనిలేదు. రాత్రి లైటు ఆరాక టార్చి వేసి చూడండి, పక్కనున్న గెలాక్సియా అనే కోరల్ పొడుగాటి టెంటకిల్స్ (మీసాల్లాంటి చేతులు) చాచి కుడుతూ దొరుకుతుంది. ఎడం పెంచండి, ఆక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. ఆక్రోపోరా మీద చిన్న చిన్న గుండ్రటి కాటు మచ్చలుంటే చదును పురుగులు. డిప్ చేస్తే (మందు కలిపిన నీళ్లలో కోరల్‌ని ముంచితే) పురుగులు పోతాయి గానీ గుడ్లు చావవు, కనిపించినవి గీకేసి వారం వారం మళ్లీ డిప్ చేయాల్సిందే.

నీళ్లలోకి కరెంటు లీకవడం, రాగి కలవడం, పంపు అయస్కాంతం పగిలి తుప్పు పట్టడం జరగవని కాదు, చాలా అరుదు. అయస్కాంతాలు ఒకసారి బయటికి తీసి ప్లాస్టిక్ తొడుగు చిట్లిందేమో చూడండి, చిట్లితే పారేయండి. మిగతా రెండింటి గురించి పైవన్నీ తేలాకే ఆలోచించండి.