ఆర్కిటెక్చర్‌కి నాటా ఒక్కటే చాలదు

విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో గానీ ఎన్‌ఐటీల్లో గానీ బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) సీటు కావాలంటే నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష స్కోరు పనికిరాదు. జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ రాయాల్సిందే. అప్లికేషన్‌లో 2ఏ, 2బీ పక్కపక్కనే ఉంటాయి. 2ఏ బీఆర్క్‌కి, 2బీ ప్లానింగ్ (పట్టణ ప్రణాళిక) డిగ్రీకి, ఇక్కడే చాలామంది పొరబడతారు. బీటెక్ కోసం పేపర్ 1 రాస్తున్నా 2ఏ విడిగా ఎంచుకోవాలి.

2ఏకి మొత్తం 400 మార్కులు: లెక్కలు 100, ఆప్టిట్యూడ్ 200, డ్రాయింగ్ 100. లెక్కలకే అతుక్కుపోతే సగం మార్కులున్న ఆప్టిట్యూడ్ చేజారుతుంది. మిగతావి కంప్యూటర్‌లో రాసినా డ్రాయింగ్ మాత్రం కాగితం మీదే. జామెట్రీ బాక్స్, పెన్సిళ్లు, రబ్బరు, కలర్ పెన్సిళ్లు లేదా క్రేయాన్లు మీరే తీసుకెళ్లాలి. వాటర్ కలర్స్ వాడనివ్వరు, కాబట్టి ఇంటి దగ్గర సాధన కూడా కలర్ పెన్సిళ్లు, క్రేయాన్లతోనే చేయండి. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకి దారి లేదు, మ్యాథ్స్ తప్పనిసరి.