చీరల పార్సెల్ విదేశాలకు: గాలికీ అట్టకూ డబ్బు కట్టకండి

ధర్మవరంలో, ప్రొద్దుటూరులో, కర్నూలులో బట్టలు కొనిపెట్టి విదేశాలకు పంపే షాపింగ్ ఏజెంట్లకు కొదవ లేదు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్ళు వీడియో కాల్‌లో చీర ఎంచుకుంటారు. ఏజెంటు కొని, ఫాల్ కుట్టించి, కొరియర్‌లో వేస్తాడు. చీర దగ్గర వంద రూపాయలకు అరగంట బేరమాడినవాళ్ళే షిప్పింగ్ బిల్లు దగ్గర అడిగినంతా కట్టేస్తారు. ఆ బిల్లు బతిమాలితే తగ్గదు. పెట్టెకు టేపు వేయకముందే తగ్గించుకోవాలి.

ముందు లెక్క తెలియాలి. కొరియర్ వాళ్ళు రెండు బరువులు చూస్తారు. ఒకటి కాటా మీద తూగేది. రెండోది పెట్టె కొలతల నుంచి తీసేది: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి, 5000తో భాగిస్తే వచ్చే కిలోలు. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. వచ్చిన అంకెను మళ్ళీ పై అరకిలోకు సర్దుతారు, అంటే 5.1 కిలోలు తూగినా 5.5కే బిల్లు.

ఆరు పట్టుచీరలు పంపుతున్నారనుకోండి. జరీ అంచున్న ధర్మవరం చీర ఒక్కొక్కటి 800 గ్రాముల లెక్కన మొత్తం 4.8 కిలోలు. కొట్లో ఇచ్చిన అట్టడబ్బాలతో సహా పేరిస్తే బయటి పెట్టె 42×32×34 సెంటీమీటర్లకు చేరుతుంది. గుణించి 5000తో భాగిస్తే 9.14, బిల్లు 9.5 కిలోలకు. అవే చీరలు డబ్బాలు తీసేసి, ఒకదాని మీద ఒకటి పరిచి 40×30×18 పెట్టెలో పెడితే కొలతల బరువు 4.32కు పడిపోతుంది. కాటా మీద చీరలు, దాదాపు అరకిలో పెట్టె, టేపు కలిపి 5.4. బిల్లు 5.5 కిలోలకు. నాలుగు కిలోలు తేడా! కిలో 700 రూపాయలు వేసుకున్నా 2,800. ఆ డబ్బుతో ఇక్కడ ఇంకో మంచి నూలు చీర వస్తుంది.

అందుకే ఏజెంటుకు మొదటి మాటగా చెప్పాల్సింది: డబ్బాలు వద్దు, హ్యాంగర్లు వద్దు, చీర మడతల్లో కొట్టువాళ్ళు పెట్టే అట్టముక్క కూడా తీసేయమని. చొక్కాల కాలర్ కింది ప్లాస్టిక్కు, గుండుసూదులు, కవర్లు కూడా అంతే. పెళ్ళికి డబ్బాతోనే ఇవ్వాలంటే ఖాళీ డబ్బా అక్కడే దొరుకుతుంది. అసలైన పట్టని చెప్పే సిల్క్ మార్క్ ట్యాగ్, కొన్న బిల్లు మాత్రం తీయించకండి. అవి ముందుముందు అవసరమవుతాయి.

ఒకటి రెండు చీరలకైతే అట్టపెట్టే అక్కర్లేదు. చిరగని కొరియర్ కవరు 50 గ్రాములు కూడా తూగదు. ముందు పాత పలచటి నూలుగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు వేసి, ఆ తర్వాత కొరియర్ కవరులో పెట్టాలి. పట్టును నేరుగా ప్లాస్టిక్‌లో కట్టేస్తే లోపలి చెమ్మకు జరీ నల్లబడుతుంది. వార్తాపత్రికలో చుడితే సిరా అంటుకుంటుంది. నాఫ్తలీన్ ఉండలు అసలు వేయొద్దు.

గాలి తీసే వాక్యూమ్ సంచుల మీద చాలామందికి లేనిపోని నమ్మకం. అవి పరిమాణాన్ని తగ్గిస్తాయి కానీ బరువును తగ్గించవు. పట్టుచీర ఎలాగూ దాని సైజుకు బరువైనదే, కాబట్టి దానికి వాక్యూమ్ వల్ల ఒరిగేది లేదు. పైగా ఆ ఒత్తిడికి జరీ మడత దగ్గర విరుగుతుంది, అది ఇస్త్రీతో పోదు. స్వెటర్లు, దూది దుప్పట్లు, పిల్లల ఫ్రాకులకైతే వాక్యూమ్ బాగా పనికొస్తుంది. అక్కడ కూడా సంచి మధ్యలో ఉబ్బి గుండ్రంగా గట్టిపడితే పెట్టెలో మూలలన్నీ ఖాళీగా మిగులుతాయి. గాలి తీసేటప్పుడే చేత్తో చదునుగా పరుచుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేది లెహంగా. లోపల క్యాన్‌క్యాన్, అంటే ఉబ్బుగా నిలబెట్టే గట్టి నెట్ బట్ట, వేసి కుట్టిన లెహంగా కాటా మీద మూడు కిలోలే ఉంటుంది. దానికి 45×35×20 పెట్టె కావాలి, అంటే 6.3, బిల్లు 6.5 కిలోలకు. కుట్టించేటప్పుడే క్యాన్‌క్యాన్ విడిగా, నాడాతో కట్టుకునేలా ఉంచమని టైలరుకు చెప్పండి. దాన్ని ఒక్కదాన్నే వాక్యూమ్ చేయొచ్చు, లేదా అక్కడే కొనుక్కోవచ్చు. ప్యాడ్ వేసిన బ్లౌజులదీ ఇదే తంతు. కప్పులను ఒకదానిలో ఒకటి దూర్చి, మధ్య గుంటలో చిన్న బట్టలు కుక్కాలి. ఫాల్, జిగ్‌జాగ్ మాత్రం ఇక్కడే వేయించండి, వాటి బరువు లెక్కలోకి రాదు.

ఇక రేటు మెట్లు. చాలా ఏజెంట్ల రేటు కార్డులో మొదటి అరకిలో ఖరీదు, ఆపై ప్రతి అరకిలో చవక, 10, 20 కిలోల దగ్గర కిలో ధర ఇంకా దిగుతుంది. 9.5 కిలోలకు కిలో 750, పది దాటితే 650 అనుకుందాం. 9.5కు 7,125 అయితే 10.5కు 6,825. అంటే కిలో బట్టలు ఎక్కువ వేసి 300 తక్కువ కడతారు. ఊళ్ళో ఇంకొకరి సరుకు కలిపి పంపడం లాభించేది ఇందుకే. కలపడానికి ఎదురుచూసే రోజులకు హద్దు పెట్టుకోండి, ఏజెంటు గదిలో పట్టును నెల దాటించడం మంచిది కాదు. అరకిలో మెట్టుకు మాత్రం సరిగ్గా అంచున ఆగొద్దు, 100 గ్రాములు వెనకే ఉండండి. ఏజెంటు కాటాకూ కొరియర్ కాటాకూ అంత తేడా మామూలే.

ఏజెంటును అడిగేటప్పుడు «మొత్తం ఎంత» అనకండి. చీర బిల్లు, కమిషన్, ప్యాకింగ్, ఊరి నుంచి గోడౌనుకు రవాణా, కిలో రేటు, ఇంధన సర్‌చార్జీ, జీఎస్టీ విడివిడిగా రాయించుకోండి. కిలో రేటు తక్కువ చూపి ప్యాకింగులో లాగడం పాత పద్ధతే. సీలు వేసిన పెట్టెను కాటా మీద ఒక ఫొటో, టేపుతో మూడు కొలతలకు మూడు ఫొటోలు అడగండి. ఇవి ఇవ్వనంటే వేరే ఏజెంటును చూసుకోండి. అనంతపురం, హిందూపురం వైపు సరుకు బెంగళూరుకూ, కర్నూలుది హైదరాబాదుకూ పోవడం దగ్గర. ఆ నగరాల్లో రేటు తక్కువ దొరికితే ఆర్టీసీ కార్గోలో అక్కడికి పంపి, అక్కడే అన్నీ ఒక పెట్టెలో కలిపించొచ్చు.

తొందర లేకపోతే హెడ్ పోస్టాఫీసులో ఇంటర్నేషనల్ స్పీడ్ పోస్టు ధర కూడా కనుక్కోండి. ఆధార్ తీసుకెళ్ళాలి, కస్టమ్స్ ఫారం నింపాలి.

అమ్మ ఎలాగూ చెనిక్కాయల పొడి ఒక పొట్లం, ఊరగాయ ఒక సీసా దూర్చమంటుంది. బట్టల పెట్టెలో వద్దు. నూనె కారితే పట్టు పోయినట్టే. అదీ కాక తిండి సరుకుకు అమెరికాలో నియమాలు వేరు, దానివల్ల పెట్టె మొత్తం ఆగిపోతుంది. కర్పూరం, సెంటు, పవర్ బ్యాంకు విమానంలో మంటకు కారణమయ్యే సరుకులు, వాటినీ దూరం పెట్టండి.

సుంకం దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. అమెరికాకు 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. నిజమైన కానుకకు పరిమితి 100 డాలర్లు. బ్రిటన్‌లో కానుక హద్దు 39 పౌండ్లు, కెనడాలో 60 కెనడా డాలర్లు. ఆస్ట్రేలియాలో 1,000 ఆస్ట్రేలియా డాలర్ల లోపు సరుకును సరిహద్దులో సుంకం కోసం ఆపరు. మీరు డబ్బు కట్టి కొన్న చీర కానుక కిందికి రాదు. «గిఫ్ట్, పది డాలర్లు» అని రాసి పంపుతానన్న ఏజెంటు మీకు ఉపకారం చేయడం లేదు. పట్టుబడితే పెట్టె జప్తు కావచ్చు. దారిలో పోతే బీమా వచ్చేది రాసిన పది డాలర్లకే. ఇన్‌వాయిస్‌లో «బట్టలు» అని కాక, నేసిన పట్టుచీర, కుట్టనిది, ఎన్ని, ఒక్కొక్కటి ఎంత అని ఇంగ్లీషులో రాయించండి. పట్టుచీరకు హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్ళు సరుకు రకాన్ని గుర్తించే నంబరు) 5007తో మొదలవుతుంది, నేతబట్టతో కుట్టిన దుస్తులది 62తో. సుంకం ఎవరు కట్టాలో కూడా ముందే తేల్చుకోండి. డీడీపీ అంటే సుంకం మీరు ఇక్కడే కట్టేస్తారు. అది కాకపోతే కొరియర్ వాళ్ళు అక్కడ కట్టి, తమ సేవా రుసుము కలిపి తలుపు దగ్గర వసూలు చేస్తారు. ఆ రుసుము పార్సెల్‌కు ఒకటి, కాబట్టి రెండు చిన్న పెట్టెలకు రెండుసార్లు పడుతుంది.

తిప్పి పంపడం అనే మాటే మరిచిపోండి. చీర వెనక్కి రావడానికయ్యే ఖర్చులో మరో చీర వస్తుంది. అందుకే సీలు వేయకముందే పగటి వెలుతురులో ఐదున్నర మీటర్లూ పరిపించి రెండువైపులా వీడియో తీయించండి. కొంగు, అంచు అతుకు, మడతల దగ్గర జరీ, బ్లౌజు ముక్క జతగా ఉందా అనేది చూడాలి. పెట్టె అందాక అక్కడ విప్పేటప్పుడు కూడా కోత పెట్టకముందే వీడియో మొదలుపెట్టండి. బీమా అడగాలంటే ఆ రెండు వీడియోలే ఆధారం.