మండువా లోగిలి బస మళ్ళీ తెరిచే ముందు జాగ్రత్తలు

కోనసీమలో పాత మండువా ఇంటిని (మధ్యలో ఆకాశం కనిపించే ఇల్లు) బాగుచేసి అతిథులకు ఇస్తున్నారా? వెబ్‌సైట్ కన్నా ముందు మండువాలో పడ్డ నీళ్ళు బయటికి పోయే తూము చూడండి.

- మండువాలో నాలుగు బిందెల నీళ్ళు ఒక్కసారే గుమ్మరించండి. తూములో ఇసుక, సున్నం పెళ్ళలు ఉంటే నీళ్ళు నిలిచిపోతాయి. ఈ పని వానాకాలం దాకా ఆపొద్దు.
- పాత సున్నపు గోడకు సిమెంటు పూత వద్దు. లోపలి చెమ్మ బయటికి రాలేక పెచ్చులూడిపోతుంది. మేస్త్రి "ఏం కాదండీ" అంటాడు, వినకండి.
- వైరింగ్ పాతదైతే ఏసీలు పెట్టే ముందు మార్చాల్సిందే.
- వంట పెడితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాలు ప్రభుత్వానికి పంపాలి.
- వెబ్‌సైట్‌లో మీరే ఒక గది బుక్ చేసి, డబ్బు కట్టి, రద్దు చేయండి. రిఫండ్ వచ్చిందా? రద్దు చేసే ముందు అదే తేదీ వేరే సైట్లలో ఇంకా ఖాళీగా కనిపించిందా?
- మ్యాప్ పిన్ పట్టుకుని ఊరి బయటి నుంచి బండి మీద రండి. మా మొదటి అతిథుల్ని ఆ పిన్ పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) రేవుకు తీసుకెళ్ళింది, రాత్రి తొమ్మిదింటికి!
- ఫొటోలు ఇప్పటివే పెట్టండి. మెట్లు నిటారుగా ఉంటే ఆ మాటా రాయండి.