బస్సు దిగగానే రోడ్డు దాటకండి
సిటీ బస్సు దిగి, దాని ముందు నుంచే రోడ్డు దాటేస్తుంటాం. దయచేసి ఆ అలవాటు మానేయండి. బస్సును ఓవర్‌టేక్ చేస్తూ వచ్చే బైకు మనకు కనబడదు, నడిపేవాడికి మనం కనబడం. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. అతను బ్రేకు వేసేలోపే బండి మీదికొచ్చేస్తుంది. బస్సు కదిలి వెళ్లేదాకా ఆగండి, రోడ్డు రెండు వైపులా తేటగా కనిపిస్తుంది. డివైడర్ ఉన్నా రెండు వైపులా చూడాల్సిందే, రాంగ్ రూట్లో వచ్చే బళ్లు ఎక్కువ. పిల్లల్ని వేలు పట్టుకుని కాదు, మణికట్టు పట్టుకుని దాటించండి.

హైదరాబాద్‌లో అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లాంటి చోట్ల మెట్రో స్టేషన్ ఎక్కి అవతలికి దిగొచ్చు. అందుకు టికెట్ అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు లిఫ్టు ఉంటుంది.