బురదలో పట్టు దొరికింది
మారేడుమిల్లి అడవి దారుల్లో, వానాకాలపు బురదలో మా ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) పికప్ జారిపోతుంటే, పరిష్కారం కోసం యాక్సెసరీల షాపుకెళ్లాను. షాపువాళ్లు ముందుగా బుల్ బార్ (ముందు బంపర్‌కు బిగించే ఇనుప కమ్మీల చట్రం), పైకప్పు లైట్లు చూపించారు. బుల్ బార్లపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017లోనే రాష్ట్రాలను కోరింది. పైగా బుల్ బార్ బరువంతా ముందు సస్పెన్షన్‌పైనే పడుతుంది.

టైర్లను దగ్గరగా చూస్తే, హైవే టైరు గాడుల్లో మట్టి కూరుకుపోయి పైభాగమంతా నున్నగా మారింది. అందుకే కంపెనీ సైజులోనే ఆల్ టెర్రైన్ టైర్లు (రోడ్డుకూ, మట్టిదారికీ పనికొచ్చే లోతైన గాడుల టైర్లు) వేయించి, బురదలోకి దిగేముందు గాలిని 32 నుంచి 20 పీఎస్ఐకి తగ్గించగా, టైరు నేలపై పొడవుగా పరుచుకొని పట్టు దొరికింది. తారురోడ్డెక్కగానే గాలి నింపేందుకు 12 వోల్టుల కంప్రెసర్ తప్పనిసరి, ఎందుకంటే తక్కువ గాలితో వేగంగా వెళితే టైరు వేడెక్కి పగిలిపోవచ్చు.

మిగిలిన డబ్బుతో రికవరీ స్ట్రాప్ (ఇరుక్కున్న బండిని లాగే పట్టీ) కొన్నాను. దాన్ని ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికే తగిలించాలి. టో బాల్‌కు (ట్రైలర్ తగిలించే గుండ్రటి కొనకు) ఎన్నడూ తగిలించకూడదు; అది విరిగి ఎగిరితే ప్రాణాలే పోతాయి.