10 మీటర్ల ఎయిర్ పిస్టల్: మీ బ్యారెల్‌కు ఏ పెల్లెట్ కుదురుతుంది?

వరసగా రెండు 8లు పడగానే చాలామంది షూటర్ల చూపు ముందు పెల్లెట్ (ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న సీసపు గుండు) డబ్బా మీదికి పోతుంది. అమెరికాలో ఫైర్‌ఆర్మ్ షూటర్లు ఇంట్లోనే మందు తూచి తూటాలు నింపుకుంటారు. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయకూడదు. గచ్చిబౌలి రేంజ్‌లో సాధన చేసే ఎయిర్ పిస్టల్ షూటర్‌కి ఎంచుకునే వీలున్నది పెల్లెట్ ఒక్కటే. అందుకే దాని మీద అంత నమ్మకం, అన్ని అనుమానాలు. అసలు ఆ డబ్బా ఎంత తేడా తెస్తుందో ముందు లెక్క తేల్చుకుందాం.

టార్గెట్‌లో 10 రింగు వ్యాసం 11.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతను తాకితే చాలు, 10 ఇస్తారు. పెల్లెట్ వెడల్పు 4.5 మి.మీ. కాబట్టి దాని నడిబొడ్డు టార్గెట్ కేంద్రం నుంచి 8 మి.మీ. లోపు పడితే సరిపోతుంది. అంటే 16 మి.మీ. వలయం, పాత పది పైసల స్టీలు బిళ్ల అంత. పిస్టల్‌ని వైస్‌లో (బల్లకి బిగించే ఇనుప పట్టు) బిగించి కొట్టినప్పుడు కుదిరిన పెల్లెట్ 2 మి.మీ. గ్రూప్ (షాట్లన్నీ కలిసి పడిన గుంపు వెడల్పు), అంతగా కుదరనిది 4 మి.మీ. గ్రూప్ ఇచ్చాయనుకోండి. కేంద్రం నుంచి చూస్తే తేడా 1 మి.మీ. రింగుకీ రింగుకీ మధ్య 8 మి.మీ. ఉంటుంది కాబట్టి అది దశాంశాల్లో 0.1 కన్నా కొంచెం ఎక్కువ. పైగా పిస్టల్ క్వాలిఫికేషన్‌లో దశాంశాలే లెక్కపెట్టరు. 600కి 540 దగ్గర ఆగిపోయినవాళ్లు డబ్బా మార్చి 560కి పోరు. 570 దాటినవాళ్లకి మాత్రం గీత మీద ఊగిసలాడే షాట్లు ఒకటి రెండు ఇటు రావచ్చు, ఇన్నర్ టెన్‌లు (10 రింగు లోపలి చిన్న వలయంలో పడేవి) కొన్ని పెరగొచ్చు.

అలాగని ఏదో ఒకటి కొనేయమని కాదు. స్కర్ట్ (వెనకవైపు పల్చటి అంచు) సొట్టపడిన పెల్లెట్ ఉన్నట్టుండి గ్రూప్ దాటి ఎటో పోతుంది. అది మీ చేతి తప్పో సీసం తప్పో తెలియక, బాగున్న ట్రిగ్గర్‌ని కెలుకుతారు. అసలు నష్టం అక్కడ.

బరువు ఎంత ఉండాలి?

మ్యాచ్‌కి 4.5 మి.మీ. ఫ్లాట్ హెడ్ పెల్లెట్లే వాడతారు. మొన తేలినవీ గుండ్రటివీ కాగితాన్ని చింపుతాయి, ఫ్లాట్ హెడ్ మాత్రం పంచింగ్ మెషీన్ కొట్టినట్టు గుండ్రటి రంధ్రం చేస్తుంది, స్కోరు తేలిగ్గా తేలుతుంది. పిస్టల్‌కి 0.45, 0.49 గ్రాములవి ఎక్కువ వాడకం. 0.53 గ్రాములవి ప్రధానంగా రైఫిల్‌ కోసం, అయినా కొన్ని పిస్టల్ బ్యారెల్స్‌కి అవే నచ్చుతాయి. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 రెండు బరువుల్లో వస్తుంది: 0.45, 0.53. హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లైట్ 0.49, హెవీ 0.53. సాధనకి 0.45 గ్రాముల ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ చాలు. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి ఏడాది మ్యాచ్ గ్రేడ్ కొనడం దండగ అనే మా అభిప్రాయం. ఆ డబ్బుతో రెండు డబ్బాలు ఎక్కువ కొట్టించండి.

బరువు మారితే తగిలే చోటు మారుతుంది. సెకనుకి 150 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లు చేరేలోపు, గాలి నిరోధం పక్కనపెడితే, 21.8 మి.మీ. కిందికి దిగుతుంది. అదే 145 మీటర్లైతే 23.3 మి.మీ. 0.49 నుంచి 0.53కి మారితే వేగం దాదాపు అంతే పడిపోతుంది, గ్రూప్ ఒకటిన్నర మి.మీ. పైగా దిగుతుంది. సాధన ఒక బరువుతో, మ్యాచ్ ఇంకో బరువుతో చేయొద్దనేది ఇందుకే. బ్రాండ్ వేరైనా ఫర్వాలేదు, బరువు ఒకటే ఉండాలి.

తల సైజు

మంచి డబ్బాల మీద బరువుతోపాటు 4.48, 4.49, 4.50, 4.51 అని తల వ్యాసం కూడా రాసి ఉంటుంది. ఏ సైజు మీది అని తెలుసుకోవడానికి ముందు వేలితో చూడండి. పెల్లెట్‌ని బ్రీచ్‌లో (బ్యారెల్ వెనక నోటిలో) పెట్టి చూపుడువేలితో నొక్కితే కాస్త పట్టు తగిలి లోపలికి కూర్చోవాలి. గులకరాయిలా జారిపోతే తల చిన్నది, గాలి పక్కల నుంచి తప్పించుకుపోతుంది. గోటితో తోయాల్సి వస్తే పెద్దది, తోసేటప్పుడు స్కర్ట్ వంగుతుంది.

తర్వాతి పరీక్షకి గాలి సిలిండర్ తీసేసి, బ్రీచ్ తెరిచి, ఒక పెల్లెట్‌ని ప్లాస్టిక్ క్లీనింగ్ రాడ్‌తో మెల్లగా వెనక నుంచి మజిల్ (బ్యారెల్ ముందు నోరు) దాకా తోయండి. ఇనుప కడ్డీ వద్దు. బయటికి వచ్చినదాన్ని మొబైల్ కెమెరాలో జూమ్ చేసి చూడండి. తల చుట్టూ రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాళ్లు) గాట్లు సన్నగా, ఒకే లోతులో కనిపించాలి. ఒకవైపే గాట్లు ఉండి రెండోవైపు నున్నగా ఉంటే తల సైజు తక్కువ, లేదా పెల్లెట్ వంకరగా కూర్చుంది. తోస్తున్నప్పుడు చేతికి ఒకే బిగువు తెలియాలి. మధ్యలో ఒకచోట వదులైపోతే లోపం పెల్లెట్‌ది కాదు, బ్యారెల్‌ని చూపించుకోవాలి.

వైస్ పరీక్ష

లాట్ (ఒకే విడతలో తయారైన పెల్లెట్లు) ఎంపిక అనేది ఇదే. ఒకే బ్రాండ్, ఒకే సైజు అయినా లాట్ నంబర్ మారితే ఫలితం మారుతుంది. మూడు నాలుగు లాట్లు, ఒక్కొక్కటి ఒక డబ్బా చొప్పున తెచ్చుకోండి. బెంచ్ వైస్ రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. దాని దవడలకి మందపాటి తోలు అంటించి, పిస్టల్‌ని ఫ్రేమ్ దగ్గర పట్టించండి. బ్యారెల్‌ని బిగిస్తే వంగుతుంది. సిలిండర్‌ని అసలు బిగించొద్దు, అందులో 200 బార్ ఒత్తిడి ఉంటుంది.

ముందు మూడు నాలుగు ఫెల్ట్ పెల్లెట్లతో (తుడవడానికి వాడే మెత్తటి ఉన్ని బిళ్లలు) బ్యారెల్ తుడవండి. తుడిచిన వెంటనే పడే షాట్లను నమ్మొద్దు. 15, 20 పెల్లెట్లు కొట్టి సీసం మళ్లీ సర్దుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి. లాట్ మార్చిన ప్రతిసారీ ఐదు పెల్లెట్లు పక్క కార్డు మీద కొట్టేయండి.

ఒక్కో కార్డుకి 5 షాట్లు, ఒక్కో లాట్‌కి 4 కార్డులు. ఏ లాట్, ఎన్నో కార్డు అని కొట్టకముందే పెన్సిల్‌తో రాసుకోండి. ఒకే లాట్‌ని వరసగా ముగించకుండా ఒకటి, రెండు, మూడు, మళ్లీ మూడు, రెండు, ఒకటి ఇలా తిప్పి కొట్టండి. లేకపోతే సిలిండర్ ఒత్తిడి తగ్గడం, హాల్‌లో వేడి పెరగడం ఏదో ఒక లాట్ నెత్తిన పడతాయి.

వెర్నియర్ కాలిపర్‌తో గ్రూప్ బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలిచి 4.5 తీసేయండి. 6.7 వస్తే గ్రూప్ 2.2 మి.మీ. అన్నమాట. నాలుగు కార్డుల సగటు తీయండి. అందరూ చేసే పొరపాటు అన్నింటికన్నా చిన్న గ్రూప్‌ని ఫోటో తీసి, ఆ లాట్ కొనేయడం. ఐదు షాట్ల గ్రూప్ అదృష్టాన్ని బట్టి కూడా చిన్నదవుతుంది. సగటుల మధ్య తేడా ఐదో వంతు కన్నా తక్కువైతే ఆ రెండు లాట్లూ సమానమే అనుకోండి, చవకది తీసుకోండి. సగటు దగ్గరదగ్గరగా ఉన్నా, ఒక లాట్‌లో ఒక్క షాట్ గ్రూప్‌కి దూరంగా పడిందంటే దాన్నే పక్కనపెట్టండి. మ్యాచ్‌లో మనల్ని దెబ్బతీసేది ఆ ఒక్కటే.

క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) అందుబాటులో ఉంటే 10 షాట్ల వేగం చూడండి. ఎక్కువకీ తక్కువకీ మధ్య సెకనుకి 3 మీటర్ల లోపుంటే బాగున్నట్టే, ఆ తేడా టార్గెట్ మీద 0.9 మి.మీ. కన్నా మించదు.

పెల్లెట్లని ఒక్కొక్కటీ తూచి వేరుచేయడం పిస్టల్‌కి అక్కర్లేదు. 0.01 గ్రాము బరువు తేడా వస్తే కాగితం మీద అర మి.మీ. కూడా మారదు. నగల షాపు కాటా కొనే డబ్బు మిగుల్చుకోండి. దాని బదులు మ్యాచ్‌కి ముందు రోజు ఒక గాజు పలకని కొంచెం ఏటవాలుగా పెట్టి వంద పెల్లెట్లు దొర్లించండి. మంచివన్నీ ఒకే వంపులో పోయి ఒకేచోట ఆగుతాయి. స్కర్ట్ నొక్కుకుపోయినవి కుంటుకుంటూ పక్కకి పోతాయి. వాటిని పారేయకండి, బ్యారెల్ సర్దుకోవడానికి కొట్టే మొదటి షాట్లకి పనికొస్తాయి.

పెల్లెట్ తప్పు కానివి

షాట్లు క్రమంగా కిందికి దిగుతుంటే సిలిండర్ గేజ్ చూడండి. బ్రీచ్ దగ్గర ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం) చిట్లినా ఇదే లక్షణం. గ్రూప్ పైకి కిందికి చీలితే సైట్ స్క్రూ వదులైందేమో చూడాలి. కాంపెన్సేటర్ (బ్యారెల్ కొసకి బిగించే, ఎగురుడు తగ్గించే భాగం) లోపల ఒకవైపే సీసం మెరుస్తుంటే పెల్లెట్ దాన్ని రాసుకుంటూ పోతోంది, ఏ లాట్ తెచ్చినా బాగుపడదు. ఇవన్నీ చూశాకే డబ్బాని నిందించండి.

దాచుకోవడం

మన రోడ్ల మీద బండి డిక్కీలో పడేసిన డబ్బా రేంజ్ చేరేసరికి సగం స్కర్ట్‌లు నొక్కుకుపోతాయి. మూత కింద స్పాంజి ముక్క పెట్టి, డబ్బాని బ్యాగులో బట్టల మధ్య ఉంచండి. గుప్పెడు ఒంపుకోకుండా వేళ్లతో ఒక్కొక్కటీ తీయండి. వానాకాలంలో సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేస్తే తగ్గుతుంది. పొడి పట్టినవి వాడొద్దు. పిల్లలు పెల్లెట్ నోట్లో పెట్టుకోకుండా చూడాలి. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్ డబ్బా తెరవాలి. టార్గెట్ వెనక దుమ్ముని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవాలి.

ఎన్ని కొనాలంటే: మ్యాచ్‌లో 60 షాట్లు, సైటర్లు (లెక్కలోకి రాని ముందస్తు షాట్లు) కలిపితే 80 నుంచి 100. రోజుకి వంద చొప్పున వారానికి ఐదు రోజులు సాధన చేస్తే 500 పెల్లెట్ల డబ్బా వారానికొకటి. ఇవన్నీ పరీక్షించిన లాట్‌వే కానక్కర్లేదు. సీజన్‌కి ఎన్ని మ్యాచ్‌లో లెక్కేసి, వాటికీ వాటి ముందు వారం సాధనకీ సరిపడా ఒకే లాట్‌వి ఒకేసారి కొనండి. అదే లాట్ మళ్లీ దొరుకుతుందన్న హామీ లేదు. డబ్బా అడుగున లాట్ నంబర్, కొన్న తేదీ, గ్రూప్ సగటు స్కెచ్ పెన్‌తో రాసిపెట్టుకోండి. చివరి డబ్బా తెరిచేలోపే కొత్త లాట్లు వైస్ మీదికి ఎక్కించండి.